టీసీ చేతిలో పెడితే పని అయిపోతుందా, మాస్టారూ?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వయసు 31. ఈ ఏడాది బాయ్స్ హాస్టల్ డిప్యూటీ వార్డెన్ పనితో పాటు యాంటీ డ్రగ్ కమిటీ కన్వీనర్ పదవి కూడా నా నెత్తిన పెట్టారు. జూన్ 26న ర్యాలీ తీశాం, ఆడిటోరియంలో ప్రతిజ్ఞ చేయించాం, గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాం. పోయిన వారం సెకండ్ ఇయర్ కుర్రాడి అల్మరాలో చిన్న గంజాయి పొట్లం దొరికింది. కుర్రాడిని ఇంటికి పంపేశాం, పొట్లం నా టేబుల్ డ్రాయర్లో ఉంది. టీసీ ఇచ్చేసి చేతులు దులుపుకుందాం అంటోంది మేనేజ్‌మెంట్. సోమవారం మీటింగ్. సీనియర్లను అడిగితే ‘హాస్టల్ అన్నాక అందరూ తాగుతారు సార్’ అంటున్నారు. ఆ కుర్రాడిని ఏం చేయాలి, మిగతావాళ్లను ఎలా ఆపాలి?

సమాధానం:

మాస్టారూ, ముందు ఆ డ్రాయర్ సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. ఆ పొట్లం మీ డ్రాయర్లో ఉన్నంతసేపూ చట్టం లెక్కలో అది మీ దగ్గర ఉన్న గంజాయే. రేపు ఎవరో ఫోన్ చేసి తనిఖీ వస్తే ‘సాక్ష్యం కోసం దాచానండీ’ అన్న మాట వినడానికి ఎవరికీ ఓపిక ఉండదు. బాత్రూమ్‌లో పారబోయడం అంతకన్నా తెలివితక్కువ పని. ఇవాళే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా చెప్పి, కాలేజీ లాయర్‌తో మాట్లాడి, ఆయన చెప్పిన పద్ధతిలో స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. ఇది రాత్రి చదువుతున్నట్టయితే లాయర్‌కి ఇప్పుడే ఫోన్ చేయండి, ఏమీ అనుకోడు.

ఇక టీసీ. మీ మేనేజ్‌మెంట్ భయం నాకు అర్థమవుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల కేసులు పెట్టే చట్టం, 25వ సెక్షన్ ప్రకారం తమ ఆవరణలో ఇలాంటి పని జరుగుతోందని తెలిసీ ఊరుకున్న యజమానికి, ఆ పని చేసినవాడికి పడే శిక్షే పడుతుంది. అందుకని వాళ్లు ‘మాకు తెలియదు’ అనిపించుకోవడానికి తొందరపడుతున్నారు. కానీ టీసీ ఇస్తే ఏమవుతుందో ఆలోచించండి. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, చేతిలో డిగ్రీ లేదు, ఊళ్లో మొహం చూపించలేడు, చదువుకు అప్పు చేసిన తండ్రి మాట్లాడడు. అలాంటివాడికి పగలంతా ఏం పని ఉంటుంది? ఇప్పటిదాకా వారానికి ఒకసారి తాగేవాడు రోజూ తాగుతాడు. ఇక్కడ హాస్టల్లో మిగిలినవాళ్లు నేర్చుకునే పాఠం ఒకటే, ఈసారి పొట్లం అల్మరాలో పెట్టకూడదని.

అదే చట్టంలో 64ఎ అని ఇంకో సెక్షన్ ఉంది, దాని గురించి ఏ ర్యాలీలోనూ ఎవరూ చెప్పరు. మత్తుకు అలవాటుపడినవాడు, వాడకం కేసులోగానీ కొద్ది మొత్తం దగ్గర ఉంచుకున్న కేసులోగానీ చిక్కుకున్నప్పుడు, తనంతట తాను ప్రభుత్వాసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. ఇది హామీ పత్రం కాదు, ఎలా వాడుకోవాలో లాయరే చెప్పాలి. కానీ చట్టం చేసినవాళ్లకే వాడేవాడికీ అమ్మేవాడికీ తేడా తెలుసని దీన్నిబట్టి అర్థమవుతోంది కదా. మన కాలేజీలకే ఇంకా తెలియాలి.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే అడిగేది ఒక సెమిస్టర్ గడువు. హాస్టల్ గది తీసేయండి, తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి దగ్గరుండమనండి, లేదా ఇంటి నుంచే రానివ్వండి. చికిత్స కాగితం తెచ్చి చూపించాలి. క్లాసులు, ఇంటర్నల్స్ మాత్రం పోనివ్వకండి. అటెండెన్స్ 65 శాతం కిందికి పడితే కండొనేషన్, అంటే హాజరు లోటు మాఫీకి కట్టే ఫీజు, కట్టినా లాభం లేదు, డిటెయిన్ అయిపోతాడు. అది మీరు టీసీ ఇవ్వకుండా ఇచ్చిన టీసీయే.

అయితే ఒకటి తేల్చుకోవాలి, వాడు తాగేవాడా, తెచ్చి ఇచ్చేవాడా. ఇక్కడ పిల్లలకు తెలియని విషయం ఒకటుంది. నలుగురు తలా రెండు వందలు ఫోన్‌పే చేస్తారు, ఐదోవాడు బండి మీద వెళ్లి తెస్తాడు. వాళ్ల లెక్కలో అది బిర్యానీ తేవడం లాంటిది. చట్టం లెక్కలో తెచ్చి ఇచ్చినవాడు ఉత్త వాడకందారు కాదు, ఆ ఫోన్‌పే హిస్టరీయే సాక్ష్యం. ఇంకొందరు లంబసింగి, అరకు ట్రిప్ అని వెళ్లి, ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో చవగ్గా దొరికిందని బ్యాగులో వేసుకొస్తారు. గంజాయిలో కిలో వరకూ ‘చిన్న మొత్తం’, ఏడాది వరకు జైలు. కిలో దాటిన మరుక్షణం పదేళ్ల వరకు పడొచ్చు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ పడే మాటే లేదు. ఒకే బ్యాగు, ఒకే బస్సు, ఇంకో పొట్లం ఎక్కువ వేసుకున్నంత మాత్రాన ఏడాది కాస్తా పదేళ్లవుతుంది. ‘డ్రగ్స్ వద్దు’ అని నూరుసార్లు అనిపించే బదులు ఈ లెక్క ఒక్కసారి బోర్డు మీద రాసి చూపించండి, వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

మీ కుర్రాడు డబ్బుకోసం పదిమందికి అమ్ముతున్నాడని తేలితే నేను పైన చెప్పిన మెత్తదనం వర్తించదు. అది పోలీసుల పని, వాళ్లకే వదిలేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, మిగతావాళ్లను ఎలా ఆపాలి. దానికి ముందు నా సొంత కథ ఒకటి చెప్పాలి, నేను తర్వాత పదకొండేళ్లు వార్డెన్‌గా చేసిన పద్ధతంతా ఆ ఒక్క రాత్రి నుంచే వచ్చింది.

నేను చదువుకునే రోజుల్లో మా హాస్టల్‌కి గంజాయి ఇంతగా రాలేదు, ఉన్నదల్లా మందే. ఫేర్‌వెల్ రాత్రి మా వింగ్‌లో ఒకడు పందెం కట్టి నీళ్లు కలపకుండా సగం సీసా తాగాడు. పదకొండింటికి వార్డెన్ రౌండ్. అతను లేవడంలేదు, మాకేమో భయం. నిమ్మరసం పోశాం, మొహాన నీళ్లు కొట్టాం, చివరికి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి బయట తాళం వేసి టెర్రస్ ఎక్కాం. తెల్లవారుజామున మూడింటికి మెస్‌లో పాలు దించుకోవడానికి లేచిన వంటాయన ఆ వరండాలోంచి వెళ్తూ ఆగాడట. లోపల్నుంచి వచ్చేది గురక కాదు, నీళ్ల చెంబులో గాలి ఊదుతున్నట్టు చప్పుడు. పైకొచ్చి మమ్మల్ని తిట్టి తాళంచెవి లాక్కున్నాడు. తలుపు తీయగానే వాడిని ఒక పక్కకి, ఎడమవైపుకి తిప్పాడు, పై కాలు మడిచి ముందుకు పెట్టాడు, తన తువ్వాలుతో నోరు తుడిచాడు. అంతా కలిపి అర నిమిషం. మాలో ఇద్దరు సైన్సులో రాష్ట్రస్థాయి ర్యాంకులవాళ్లు, ఆ సంగతి ఆయనకే ఎలా తెలుసని తర్వాత అడిగితే, ‘మా నాయన తాగుబోతండీ, చిన్నప్పట్నుంచీ అలవాటే’ అన్నాడు.

వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి బతికాడు. ఆ తర్వాత కాలేజీ ఏం చేసిందో వినండి. ఆటోలో తీసుకెళ్లి ఆస్పత్రి రిజిస్టర్‌లో సంతకం పెట్టినవాడిని నెల రోజులు సస్పెండ్ చేశారు, ఎందుకంటే కాగితం మీద ఉన్న పేరు వాడిదొక్కడిదే. తాళం వేసిన మా అందరికీ హెచ్చరిక. మరుసటి ఏడాది జూనియర్లు మమ్మల్ని చూసి ఏం నేర్చుకుని ఉంటారు? ఎవడు పడిపోయినా ఆస్పత్రికి మాత్రం తీసుకెళ్లకూడదు అని.

సోమవారం మీటింగ్‌లో ఒక్క మాటే గెలిపించుకోగలరు అనుకుంటే ఇది గెలిపించుకోండి. హాస్టల్ రూల్స్‌లో ఒక వాక్యం చేర్చాలి. మందు ఎక్కువై గానీ మరేదైనా పుచ్చుకుని గానీ ఎవరైనా పడిపోతే, 108కో వార్డెన్‌కో ఫోన్ చేసినవాడి మీదా, పడిపోయినవాడి మీదా ఆ రాత్రి గురించి క్రమశిక్షణ చర్య ఉండదు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఇలాంటి రూల్ రాసిపెట్టుకున్నాయి, అక్కడ ఎమ్మెస్ చేస్తున్న మీ పాత విద్యార్థుల్ని అడిగినా చెబుతారు. ప్రిన్సిపాల్ ‘అలా అంటే లైసెన్స్ ఇచ్చినట్టే కదా’ అంటారు. తాగడానికి లైసెన్స్ ఎవడూ మన దగ్గరికొచ్చి అడగడం లేదు సార్, పిలవడానికే జంకుతున్నారు అని చెప్పండి.

ఆ రూల్‌తో పాటు ప్రతి ఫ్లోర్‌లో ఇద్దరికి ఆ ఎడమవైపు తిప్పడం నేల మీద పడుకోబెట్టి నేర్పించండి. పిలిస్తే లేవకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు ఖాళీ వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా, ‘పడుకుంటే దిగిపోతుంది’ అనుకోకూడదు. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. బ్లాక్ కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, వీటివల్ల తాగినవాడు తడుస్తాడే తప్ప మత్తు దిగదు. లివర్ దాని పద్ధతిలో అది గంటకు సుమారు 30 మిల్లీలీటర్ల పెగ్గు చొప్పున ఖర్చు చేస్తుంది, మన తొందర దానికి పట్టదు.

‘ఒక్క బీరేగా సార్’ అంటారు చూడండి, ఆ లెక్క కూడా చేయించండి. ఇంజనీర్లే కదా. స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 8 శాతం వేసుకుంటే 52 మిల్లీలీటర్లు. విస్కీ 42.8 శాతం. ఆ 52 మిల్లీలీటర్లు విస్కీలో రావాలంటే 120 పైగా తాగాలి, అంటే నాలుగు చిన్న పెగ్గులు. ‘నేను హార్డ్ ముట్టను, బీరొక్కటే’ అని గొప్పగా చెప్పుకునేవాడి మొహం ఆ లెక్క తేలాక చూడాలి. పనిలో పనిగా తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మందు కొనడానికి 21 నిండాలన్న సంగతి గుర్తు చేయండి, మీ ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ దాదాపు మొత్తం ఆ లెక్కలోకి రాదు.

‘అందరూ తాగుతారు’ అన్న మాట గురించి. నాకు ఈ మాట మీదే కోపం. ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, మగవాళ్లను మాత్రమే తీసుకున్నా 27 శాతం చిల్లర. గంజాయి, భంగు కలిపినా మూడు శాతం లోపే. మీ హాస్టల్ దేశ సగటుకు సరిపోకపోవచ్చు, సరే. మీ హాస్టల్‌నే అడగండి. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు పేర్లు లేని చీటీలు పంచి రెండే ప్రశ్నలు రాశాను. పోయిన నెలలో నువ్వు తాగావా? నీ ఫ్లోర్‌లో పదిమందిలో ఎంతమంది తాగుతారనుకుంటున్నావు? రెండో ప్రశ్నకు అందరూ రాసిన అంకె మొదటిదానికన్నా ఎక్కడో పైన ఉంది. తాగేవాడు గోల చేస్తాడు, స్టేటస్ పెడతాడు, కారిడార్‌లో పాటలు పాడతాడు. తాగనివాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, వాడిని ఎవరు లెక్కపెడతారు? ఆ రెండు అంకెలూ నోటీసు బోర్డులో పెట్టాను. కొత్తగా చేరిన కుర్రాడు తాను ఒంటరివాణ్ణి కాదని తెలుసుకున్నాక ‘వద్దన్నా’ అనడం కొంచెం తేలికవుతుంది. చీటీల్లో చేతిరాత గుర్తుపట్టి ఎవరినైనా పిలిచారో, మళ్లీ జన్మలో మీకు నిజం చెప్పరు.

ఫస్ట్ ఇయర్ అన్నాను కాబట్టి, మీ శక్తిలో సగం మొదటి రెండు నెలల మీద పెట్టండి. ఇంటర్ రెండేళ్లు కార్పొరేట్ కాలేజీలో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్‌లో కుక్కి ఉంచిన పిల్లాడిని తీసుకొచ్చి సాయంత్రం నాలుగున్నర తర్వాత ఏ పనీ లేకుండా వదిలేస్తాం. వాడికి ఖాళీ సమయం అంటే ఏమిటో తెలియదు. సీనియర్ ‘ఇంటరాక్షన్’కి పిలిచి గ్లాసు చేతిలో పెడతాడు. అది ఆతిథ్యం కాదు, ర్యాగింగ్. యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలు దానికీ వర్తిస్తాయి, ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఈ సంగతి సీనియర్లకు ముందు చెప్పండి, జూనియర్లకు తర్వాత.

మీ గ్రౌండ్ ఆరింటికే తాళం పడుతుందని పందెం కాస్తాను. చాలా కాలేజీల్లో అంతే, కరెంటు బిల్లు అంటారు. రాత్రి తొమ్మిది దాకా రెండు ఫ్లడ్‌లైట్లు, ఒక వాలీబాల్ నెట్టు, మెస్ పక్కన క్యారమ్ బోర్డులు. నేను దీనికి అడిగినప్పుడు నాకు డబ్బుల్లేవన్నారు, అదే నెలలో ఫ్లెక్సీలకు ఇరవై వేలు ఖర్చయింది. గేటు ఎదుటి పాన్ డబ్బా సంగతి కూడా చూడండి, విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది. చుట్టుకునే పేపర్లు కూడా అక్కడే దొరుకుతుంటాయి.

ర్యాలీలు వద్దనను. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వ్యతిరేక ఉద్యమం లేవదీసింది రాత్రి చదువుల్లో చుట్టూ కూర్చుని తమ ఇళ్ల సంగతి తాము మాట్లాడుకున్నాకే, రోడ్డెక్కింది ఆ తర్వాత. మీ ఆడిటోరియంలో ఆరువందల మంది చెయ్యి చాపి ప్రతిజ్ఞ చదివితే ఎవడూ తన సంగతి మాట్లాడడు. పదిమందిని కూర్చోబెట్టండి, మందు మానేసిన ఒక పాత విద్యార్థిని పిలవండి, మీరు మధ్యలో లేచి వెళ్లిపోండి.

స్టాఫ్ గురించి ఒక్క మాట, మీకు ఇబ్బందైనా. గెస్ట్‌హౌస్ వెనక మన సిట్టింగ్‌లకు ఖాళీ సీసాలు ఏరేదీ, హాస్టల్ వెనక పిల్లలవి ఏరేదీ ఒకే స్వీపర్. ఆయన నోరు మూసుకుని ఉంటాడనుకోవడం మన అమాయకత్వం.

చికిత్సకు ఎక్కడికి పంపాలో రాయలేదు కదా. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఈ విభాగం ఉంది. పిచ్చాసుపత్రి అని తల్లిదండ్రులు జంకితే ముందు 14446కి చేయించండి, అది మత్తు మానాలనుకునేవాళ్లకు జాతీయ ఉచిత నంబరు. దిగులు, నిద్రలేమి ఉంటే 14416, తెలుగులో మాట్లాడతారు. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే తెలంగాణలో 1908, ఆంధ్రలో 1972. ‘గ్యారంటీగా మాన్పిస్తాం’ అని గోడల మీద రాసుకునే ప్రైవేటు సెంటర్లకు పంపేముందు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ చూడమనండి, కొన్నిచోట్ల గదిలో పెట్టి కొట్టడమే వైద్యం.

గంజాయి మానేసిన మొదటి వారం పది రోజులు మీ కుర్రాడికి నిద్ర పట్టదు, అన్నం తినబుద్ధి కాదు, ప్రతిదానికీ కసురుకుంటాడు. ఇంట్లోవాళ్లు అది చూసి ‘మళ్లీ మొదలుపెట్టాడు’ అనుకుని కొడతారు, నిజానికి అది మానేసిన గుర్తు. ఈ ఒక్కటి వాళ్లకు ముందే చెప్పండి. రోజూ మందు తాగేవాడి సంగతి వేరు, డాక్టర్ లేకుండా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇక మీ కుర్రాడు తనకు ఎవరో చెవిలో మాట్లాడుతున్నట్టు ఉందనో, అందరూ తన గురించే అనుకుంటున్నారనో అంటే అది ఆలస్యం చేసే విషయం కాదు, అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి.

అన్నట్టు, ఇంటికి పంపేశాం అన్నారు. చేరాడా? ఊరెళ్లానని చెప్పి సిటీలోనే ఫ్రెండ్ పీజీలో దాక్కునేవాళ్లను నేను చాలామందిని చూశాను. మీటింగ్ సోమవారం కదా, ఆదివారం పొద్దున వాడికి ఒక ఫోన్ చేయండి. వాడు ఎత్తకపోతే వాళ్లమ్మకు. గంజాయి మాట మొదటి వాక్యంలో తేకండి, ఆవిడకు వాడు ఏం చెప్పుకున్నాడో మనకు తెలియదు. ‘రికార్డులు సబ్మిట్ చేయాలండీ, ఎప్పుడొస్తున్నాడు?’ అని అడగండి చాలు.